మూడు నిమిషాల ఇరవై రెండు సెకన్లు

"రాసుకో, ఎల్డన్. కాఫీ పలచగా ఉంది. అన్నిటికన్నా ముందు అది రాసుకో."

ఎల్డన్ ఫ్రీసెన్ రాసుకున్నాడు. డిటెక్టివ్ లైసెన్సు పుచ్చుకుని ఆరేళ్లే అయింది గాని, అంతకుముందు ముప్ఫై ఏళ్లు పంటల బీమా కంపెనీలో వడగళ్ల నష్టం లెక్కగట్టిన చెయ్యి అది. ఎదుటివాళ్లు ఏడ్చినా, తిట్టినా, ముందు రాసుకోవడం దానికి అలవాటు. ఎదురుగా కూర్చున్నది ఎస్తర్ వీబీ. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి, చనిపోయిన పాస్టర్ గారి భార్య, పైగా ఈ కేసులో అతని క్లయింటు. ఫీజు కింద ఆమె తెచ్చిన మాంసం కూరిన బన్నుల్లో రెండు అప్పటికే అతని కడుపులో ఉన్నాయి.

"మిసెస్ వీబీ, పోయింది సినిమా రీలు. కాఫీ కాదు."

"రీలు ఎవడో దొంగ పట్టుకుపోయాడు. పరువు పోయింది మాత్రం నాది. ఇరవై మూడేళ్లుగా ఈ మ్యూజియంలో ఏటా ఆ సినిమా వేస్తున్నారు. ఇరవై మూడేళ్లుగా ఈ నడవాలో నిలబడి కాఫీ కాస్తున్నాను. నిన్న ఆ కోఆప్ ధాన్యం గిడ్డంగి హారల్డ్ కప్పులోకి చూసి, ఎస్తర్, అడుగున నా మొహం కనిపిస్తోంది అన్నాడు! నలభై మంది ముందు!"

"ఎప్పుడు స్విచ్చి వేశారు?"

"ఏడూ నలభై నాలుగుకి. ఇదిగో, ఈ గోడ గడియారం చూసి. పెద్ద కూజాకి నలభై నిమిషాలు పడుతుంది. సినిమా ఏడింటికి మొదలవుతుంది, ఎనిమిదీ ఇరవై నాలుగుకి అయిపోతుంది. జనం బయటికి వచ్చేసరికి కూజా ఎర్ర దీపం వెలుగుతుంది. ప్రతి ఏడూ అంతే. నిన్న దీపం వెలగలేదు, జనం మాత్రం వచ్చి మీద పడ్డారు. వద్దంటున్నా కుళాయి తిప్పుకున్నారు."

"మీరు స్విచ్చి ఆలస్యంగా వేసి ఉండొచ్చు కదా?"

ఎస్తర్ అతని వంక చూసిన చూపుకి ఎల్డన్ పెన్సిలు దానంతటదే ఆగిపోయింది.

"సరే, ఆలస్యం కాలేదు," అని రాసుకున్నాడు. "సినిమాలో ఇంకేమైనా తేడా కనిపించిందా?"

"నేను సినిమా చూడను, ఎల్డన్. మా ఆయన అది పాపమని మూడు ఆదివారాలు ప్రసంగం చేశారు. ఆ ప్రసంగం ఫ్రేము కట్టించి చర్చి హాల్లో పెట్టారు, చూశావు కదా. నేను కాఫీకి మాత్రమే వస్తాను." ఆమె బన్నుల డబ్బా మూత సర్దింది. "గోడ అవతల నుంచి వినబడింది గాని... ఆ గొంతు ఈసారి కాస్త సన్నగా ఉంది. జలుబు చేసిన దయ్యంలా."

ఆ సినిమా పేరు 'ఖాళీ లైను'. 1962లో ఈ ఊరు ఎబెన్‌ఫీల్డ్ టెలిఫోను ఆఫీసులోనే, అంటే ఇప్పుడు మ్యూజియం అయిన ఈ కట్టడంలోనే, మూడు వారాల్లో తీసిన నలుపు తెలుపు సినిమా. తీసినవాళ్లు అప్పటిదాకా పశువుల దాణా మీదా, ట్రాక్టరు జాగ్రత్తల మీదా చిన్న చిన్న సినిమాలు తీసినవాళ్లు. రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటరు అమ్మాయికి, కనెక్షను తీసేసిన ఇంటి నుంచి ఫోను వస్తుంది. అవతల ఒక ఆడగొంతు ఆమె గురించి ఆమెకే తెలియని సంగతులు చెబుతుంది. చివరికి ఆ పిల్లకి మతి చెదిరిపోతుంది. అంతే కథ. అయితే ఆ గొంతు విన్నవాళ్లు కాన్సస్ అంతటా కొన్నాళ్లు ఫోను పీకి పక్కన పెట్టి పడుకున్నారట.

ఆపరేటరుగా వేసింది లెనోరా పెనర్, ఆ రోజుల్లో నిజంగానే ఈ ఆఫీసులో ఆపరేటరు. సినిమా కొన్న డిస్ట్రిబ్యూటరు మహానుభావుడు మొదట్లో తెర మీద వచ్చే పేర్ల అట్ట మార్చేసి, తన ప్రియురాలు నాటలీ డ్రేక్ పేరు ఎక్కించాడు. ఆ తొందరలో కొత్త అట్ట మీద కాపీరైటు గుర్తు వెయ్యడం మరిచిపోయాడు; అప్పటి చట్టంలో గుర్తు లేకపోతే హక్కు లేనట్టే. దాంతో సినిమా ఎవరి సొత్తూ కాకుండా పోయి, వచ్చిన ప్రతివాడూ కాపీ కొట్టి అమ్ముకున్నాడు. పెద్ద అట్టపెట్టెలో టేపు, పెట్రోలు బంకుల్లో చవక టేపు, పళ్లెమంత లేజర్ డిస్కు, ఒకే డిస్కులో పది దయ్యాల సినిమాలు. మొత్తం పదిహేడు విడుదలలు. పదిహేడింటి మీదా నాటలీ డ్రేకే. లెనోరా మొహాన్ని ప్రపంచమంతా చూసి జడుసుకుంది గాని, ఆ మొహం ఎవరిదో ఈ ఊరు దాటితే దాదాపు ఎవరికీ తెలియదు.

పోయిన నెల మ్యూజియం బ్యాటరీ గదిలో ఒక రేకు డబ్బా దొరికింది. మీద 'రీలు ఒకటి, అసలు పేర్లు' అని రాసి ఉంది. పాత సినిమాలని శ్రద్ధగా డిస్కులు చేసే న్యూయార్క్ కంపెనీ ఒకటి కబురు పెట్టింది: డబ్బా తెరవకండి, శుక్రవారం సాయంత్రం ఐదింటికి మా బండి వస్తుంది, రీలు ఇస్తే అసలు పేర్లతో డిస్కు వేస్తాం, లేకపోతే సోమవారం ఉన్న పేర్లతోనే అచ్చుకి పోతుంది. గురువారం సాయంత్రం సినిమా వేశారు. రీలు పోయింది. ఇవాళ శుక్రవారం, ఇప్పుడు మధ్యాహ్నం ఒకటిన్నర.

"దాన్ని వెతికిపెట్టు, ఎల్డన్," అంది ఎస్తర్ లేస్తూ. "లెనోరా నలభై నాలుగేళ్లుగా వేరేవాళ్ల పేరుతో బతుకుతోంది. దాని పేరు దానికి తెచ్చిపెట్టు."

బ్యాటరీ గది నడవా చివర ఉంది. తలుపుకి పసుపు పట్టీ, పట్టీ వెనక డిప్యూటీ షెరీఫ్ డ్వైట్ హోఫర్. ఎల్డన్‌కి డ్వైట్ అంటే పడకపోవడానికి వృత్తి ఒక్కటే కారణం కాదు. ఎల్డన్ మాజీ భార్య కరోల్‌ని డ్వైట్ పెళ్లి చేసుకున్నాడు. అది ఎల్డన్ క్షమించేశాడు. ఆ ఇంట్లో తను వదిలేసి వచ్చిన వాలుకుర్చీలో డ్వైట్ రోజూ కూర్చుంటాడన్న సంగతి మాత్రం క్షమించలేదు.

"ఇది నేరం జరిగిన చోటు," అన్నాడు డ్వైట్. "వడగళ్లు పడితే కబురు పెడతాం, అప్పుడు రా."

"కాపలా ఉన్నది నువ్వేనట కదా. నీ ముక్కు ముందు నుంచి పోయిందంటే, వడగళ్లు నీ మీదే పడ్డట్టున్నాయి."

"నా ముక్కు ముందు నుంచి కాదు. నేను ఆరూ ముప్పావు నుంచి ఈ తలుపు ముందు నిలబడ్డాను. కదల్లేదు. సినిమా అయిపోయినప్పటి సంగీతం వినబడగానే వెళ్లాను. ఎనిమిదీ ఇరవై నాలుగు. సరిగ్గా ఎనిమిదీ ఇరవై నాలుగుకి నా బదులు కాపలాకి కోచ్ రేమర్ వచ్చి నిలబడ్డాడు. ఆయన కుస్తీ పోటీల మనిషి, చేతిలో స్టాప్‌వాచ్ లేనిదే స్నానం కూడా చెయ్యడు. మా ఇద్దరి మధ్యలో ఈగ కూడా దూరలేదు."

"నువ్వు గడియారం చూశావా?"

"ఎందుకు చూడాలి? ఆ సినిమా ఎనభై నాలుగు నిమిషాలని ఈ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు."

ఎల్డన్ రాసుకుని, పట్టీ కింద నుంచి దూరి లోపలికి వెళ్లాడు. డ్వైట్ వద్దన్నాడు గాని, పట్టీ కట్టింది నడుం ఎత్తున, పట్టుకోబోయిన డ్వైట్ పొట్ట అంతకన్నా ముందుకి ఉండడంతో కొంత ఆలస్యమైంది.

కిటికీ ఎప్పుడో రంగు వేసినప్పుడు అతుక్కుపోయి ఉంది. మరో దారి లేదు. అల్మరా మూడో అరలో దుమ్ము మధ్య అడుగు వెడల్పున గుండ్రంగా శుభ్రమైన చోటు. గదంతా వెనిగర్ వాసన.

"ఆడవాళ్లు పచ్చళ్లు ఒలకబోసి ఉంటారు," అన్నాడు డ్వైట్.

"పాత ఫిల్ము కుళ్లితే ఇదే వాసన వస్తుంది. రీలు ఎక్కడుంటే ఈ వాసన అక్కడుంటుంది." ఎల్డన్ జేబులోంచి భూతద్దం తీసి అర మీదికి వంగాడు. గోధుమ కంకుల్లో విరిగిన కాడలు లెక్కపెట్టిన అద్దం అది. శుభ్రమైన చోటు పక్కన లేత గోధుమరంగు తునకలు నాలుగు. వేలితో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"ఒరేయ్, నువ్వు ఆధారం తింటున్నావు!"

"ఒకటే తిన్నాను, మూడున్నాయి. 'పై' అనే పళ్లు కూరిన రొట్టె పెంకు ఇది. పందికొవ్వు వేసి చేసింది. డ్వైట్, రేకు డబ్బా ఎంత వెడల్పు?"

"అడుగు."

"మరి ఆ 'పై' మోసుకెళ్లే మూతడబ్బా ఎంత?"

డ్వైట్ మొహంలోకి కాస్త ఆలస్యంగా వెలుగు వచ్చింది. "నిన్న పదిహేను మంది ఆడవాళ్లు అలాంటి డబ్బాలతో తిరిగారు. నేనే మిస్ పెనర్‌కి వీధి తలుపు తీసి పట్టుకున్నాను కూడా. పై ఏమైనా మిగిలిందా అని అడిగితే, ఇది నీ పంటికి ఆనదు నాయనా అంది." ఆ మాట గుర్తొచ్చి పకపకా నవ్వాడు. "అయినా ఇదంతా అనవసరం. దొంగ దొరికాడు. హాల్లో కూర్చోబెట్టాను."

హాల్లో ముందు వరుస కుర్చీలో గ్లెన్ టౌజ్ కూర్చుని ఉన్నాడు. పలచటి మనిషి, చేతులకి తెల్ల నూలు తొడుగులు. ఊరి పోస్టాఫీసులో గుమాస్తా. 'ఖాళీ లైను' పదిహేడు విడుదలలూ ఉన్న మనిషి ప్రపంచంలో ఇతనొక్కడే. ఏటా సినిమా వేసేది కూడా ఇతనే. డ్వైట్ అతని ఇంట్లోంచి ఆ పదిహేడూ తెచ్చి బల్ల మీద కుప్ప పోశాడు.

"అలా పోస్తారా ఎవరైనా!" గ్లెన్ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "అంచులు నలుగుతాయి!"

"పదిహేడు ఉన్నవాడికి పద్దెనిమిదోది కావాలనిపించదా?" అన్నాడు డ్వైట్. "కేసు అయిపోయింది."

ఎల్డన్ ఒక డిస్కు పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. పైన ప్లాస్టిక్ కాగితం చెక్కుచెదరలేదు. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

"గ్లెన్, వీటిల్లో ఎన్ని చూశావు?"

"చూడటమా?" గ్లెన్ అదిరిపడ్డాడు. "విప్పితే విలువ పోదూ? ఒక్కటీ విప్పలేదు."

"మరి నిన్న వేసిందేమిటి?"

"మిస్ పెనర్ గారి డిస్కు. ఏటా ఆవిడదే అడుగుతాను. ఆవిడే స్వయంగా తెచ్చి నా చేతికి ఇస్తారు, అయిపోగానే తీసుకెళ్తారు. ప్లేయరు మాత్రం నాది. ఏ దేశం డిస్కయినా ఆడుతుంది." ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కొంచెం గర్వం.

"ఏడింటికే మొదలుపెట్టావా?"

"నడవా గడియారం చూసి, ముల్లు పన్నెండు మీదికి రాగానే మీట నొక్కాను. ఒక్కటే వెలితి. మొదట్లో ఎర్ర అక్షరాలతో, కాపీ కొడితే జైలు అని హెచ్చరిక వస్తుంది కదా, నిన్న రాలేదు. హక్కులే లేని సినిమాకి హెచ్చరికేమిటని జనం ఏటా ఊళ వేస్తారు. నిన్న ఊళ వెయ్యడానికి నోళ్లు తెరిచి అలాగే ఉండిపోయారు. పాపం, కోఆప్ హారల్డ్ అయితే చివరిదాకా తేరుకోలేదు."

ఎల్డన్ మెల్లిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీది పెట్టెల వెనక అట్టలు ఒక్కొక్కటే తిప్పాడు. ఎనభై నాలుగు నిమిషాలు. ఎనభై నాలుగు. ఎనభై నాలుగు. ఒకదాని మీద ఎనభై ఒకటి.

"ఇదేమిటి?"

"అది బ్రిటిష్ డిస్కు."

"చూశావా!" అన్నాడు డ్వైట్. "బ్రిటిష్‌వాళ్లు మూడు నిమిషాలు కత్తిరించారు. వాళ్లకి భయమెక్కువ."

"కత్తిరించలేదు!" గ్లెన్ కుర్చీలోంచి లేచిపోయాడు. మతం మీద మాట పడ్డట్టు అతని మొహం కందిపోయింది. "ఒక్క బొమ్మ కూడా తీసెయ్యలేదు. సినిమాకి సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. అక్కడి టీవీలకి ఇరవై ఐదు. అందుకని అక్కడి డిస్కు కాస్త వేగంగా తిరుగుతుంది. బొమ్మలన్నీ ఉంటాయి, తొందరగా అయిపోతుంది, అంతే. గొంతులు కూడా వెంట్రుకవాసి సన్నబడతాయి. తెలియనివాళ్లు కత్తిరించారని ఉత్తరాలు రాస్తూనే ఉంటారు."

ఎల్డన్ పెన్సిలు తీశాడు. ఎనభై నాలుగు నిమిషాలంటే ఐదు వేల నలభై సెకన్లు. ఇరవై నాలుగుతో హెచ్చవేసి ఇరవై ఐదుతో భాగించాడు. రెండోసారి కూడా చేశాడు, ముప్ఫై ఏళ్లుగా రైతుల ముందు ఒక్కసారి చేసిన లెక్కని ఎప్పుడూ నమ్మలేదు కనక.

"ఎనభై నిమిషాల ముప్ఫై ఎనిమిది సెకన్లు," అన్నాడు. "డ్వైట్, నిన్న వేసింది బ్రిటిష్ డిస్కు, అందుకే ఆ హెచ్చరిక రాలేదు. నీ సినిమా ఎనిమిదీ ఇరవై నాలుగుకి అయిపోలేదు. ఎనిమిదీ ఇరవై దాటి ముప్ఫై ఎనిమిది సెకన్లకే అయిపోయింది. సంగీతం విని నువ్వు పై తినడానికి వెళ్లావు. కోచ్ రేమర్ తన వాచీ చూసుకుని ఎనిమిదీ ఇరవై నాలుగుకే వచ్చాడు. మీ ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మధ్యలో మూడు నిమిషాల ఇరవై రెండు సెకన్లు ఆ తలుపు ముందు ఎవరూ లేరు."

 డ్వైట్ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"కాఫీ..." అన్నాడు చివరికి. "అందుకేనా అంత దరిద్రంగా ఉంది?"

"అందుకే. ఆ ముక్క మిసెస్ వీబీ దగ్గరికి వెళ్లి నీ నోటితో చెప్పు. ఆవిడకి క్షమాపణ బాకీ ఉంది ఈ ఊరు."

"నేను షెరీఫ్‌కి రిపోర్టు రాయాలి." డ్వైట్ టోపీ తీసి దానిలోకి చూశాడు. "కాపలాలో ఉండగా పై తిన్నానని రాయాలా?"

"ఏ పై అన్నది రాయనక్కర్లేదు. గ్లెన్‌ని వదిలెయ్యి. సినిమా అయిపోయాక హెచ్చరిక ఏదని సగం మంది అతని మీద పడ్డారట, ఈ బల్ల వదిలి కదల్లేదు."

గ్లెన్ అప్పటికే పెట్టెలన్నీ గుండెకి హత్తుకుని, అంచులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఎల్డన్ అతని పక్కకి వంగి మెల్లిగా అడిగాడు. "ఈ ఊళ్లో విప్పిన బ్రిటిష్ డిస్కు ఎవరి దగ్గరైనా ఉందా?"

"ఒక్కళ్ల దగ్గరే. ఆ బ్రిటిష్ కంపెనీవాళ్లు ఆవిడని ఇంటర్వ్యూ చేసి, ఒక కాపీ పంపారు. మూడు నిమిషాలు నన్ను తీసేశారేమిటని ఆవిడ వాళ్లకి కోపంగా ఉత్తరం కూడా రాశారు. వాళ్లు జవాబులో ఇదంతా వివరంగా..." గ్లెన్ మాట సగంలో ఆగిపోయింది. తొడుగు వేసిన చెయ్యి నోటి మీదికి పోయింది. "మిస్టర్ ఫ్రీసెన్, అలా అయ్యుండదు. ఆవిడ పేరు కోసమే కదా ఇదంతా!"

ఎల్డన్‌కి కూడా అదే అంతుపట్టలేదు. దొంగతనం ఎలా జరిగిందో చేతిలోకి వచ్చింది. ఎందుకు జరిగిందో మాత్రం తలా తోకా లేదు. తన పేరు తనే ఎత్తుకుపోయేవాళ్లు ఎవరైనా ఉంటారా?

లెనోరా పెనర్ ఇంటి తలుపు తట్టేసరికి నాలుగూ పది. ఆమె ఎల్డన్‌కి పదో క్లాసులో టీచరు. టెలిఫోను ఆఫీసు మూతబడ్డాక పాతికేళ్లు బడిలో పనిచేసింది. తలుపు తియ్యగానే ఎల్డన్ చెయ్యి దానంతటదే చొక్కా గుండీలు సర్దుకుంది.

"బూట్లు తుడుచుకుని రా," అంది ఆమె.

వంటింట్లో పొయ్యి మీద పెద్ద గిన్నె, గిన్నెలో వెనిగర్ మరుగుతోంది. వాసనకి కళ్లు మండాయి. బల్ల మీద వరసగా ఖాళీ సీసాలు.

"బీట్‌రూట్ పచ్చడి పెడుతున్నాను," అంది లెనోరా, అతను అడక్కుండానే.

"బీట్‌రూట్ ఏది, మిస్ పెనర్?"

"కింద ఉంది."

"జూన్ పన్నెండున వడగళ్లు పడ్డాయి. ఈ జిల్లాలో బీట్‌రూట్ అన్నది ఒక్క దుంప కూడా మిగల్లేదు. బీమా కంపెనీవాళ్లు నన్ను మళ్లీ పిలిపించి మరీ లెక్క వేయించారు. నూటికి నూరు శాతం నష్టమని నా చేత్తో రాశాను."

"కొట్లో కొన్నాను."

"మీరా? కొట్లో బీట్‌రూటా?"

లెనోరా అతని వంక చూసింది. ఆ వయసులో కూడా ఆ కళ్లు, పదిహేడు పెట్టెల మీదా అచ్చయిన ఆ పెద్ద కళ్లు, ఎవరినైనా నిలేసేవే. కాని ఆమె అబద్ధం ఆడడంలో మొదటి నుంచీ మొద్దు. గిన్నె కింద మంట ఆర్పి, కుర్చీలో కూలబడింది.

"నేలగదిలో ఉంది," అంది. "ఆపిల్ బుట్ట వెనక, పై డబ్బాలో. దొంగతనం చేతకాదనుకున్నాను గాని, ఎల్డన్, కాళ్లు వణకలేదు. ఆ డ్వైట్ తలుపు పట్టుకున్నప్పుడు మాత్రం నవ్వొచ్చింది."

ఎల్డన్ నేలగదిలోకి దిగి డబ్బా తెచ్చాడు. మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంది. ఫిల్ము మొదటి మూర మెల్లిగా విప్పి, వేలాడే బల్బు ముందు పట్టుకుని భూతద్దం పెట్టాడు. నల్లటి అట్ట మీద తెల్ల రంగుతో చేత్తో రాసిన అక్షరాలు. మొదటి వరసలో 'ఆపరేటరు: లెనోరా పెనర్'. గుండె పొంగింది అతనికి. తన టీచరు పేరు, నలభై నాలుగేళ్ల తర్వాత, ధాన్యపు గింజంత అక్షరాల్లో. అప్పుడు రెండో వరస చూశాడు.

'గొంతు: ఎస్తర్ వీబీ'.

అద్దం తుడిచి మళ్లీ చూశాడు. మూడు ఆదివారాల ప్రసంగం చేసిన పాస్టర్ గారి భార్య. కాన్సస్ అంతటా ఫోన్లు పీకించిన ఆ గొంతు, నడవాలో కాఫీ పోసే ఎస్తర్‌ది.

"ఎస్తరూ నేనూ పక్కపక్క టెలిఫోను బోర్డుల మీద పనిచేసేవాళ్లం," అంది లెనోరా. "అప్పటికి దానికి పెళ్లై ఏడాది. ఒక మధ్యాహ్నం సరదాకి వచ్చి మాట్లాడి వెళ్లింది, పేరు వెయ్యొద్దని ఒట్టు వేయించుకుంది. అందరిలాగే నేనూ నా పేరొక్కటే ఉంటుందనుకున్నాను. బుధవారం ఆశ ఆపుకోలేక డబ్బా తెరిచి చూశాను. ఎల్డన్, నా పేరు చూసి ఏడ్చాను. కింద దాని పేరు చూసి ఇంకా ఏడ్చాను. వాళ్ల ఆయన పేరు మీద చర్చిలో హాలుంది. దాని కొడుకు ఇప్పుడు ఆ చర్చికే పాస్టరు. ఇది డిస్కులెక్కి ఊరూరా తిరిగితే అది ఏ మొహంతో ఆ హాల్లోకి వెళ్తుంది? పాపం, దానికి తెలియను కూడా తెలియదు. నేను నలభై నాలుగేళ్లు నాటలీ డ్రేక్‌గా బతికాను. మిగిలిన నాలుగు రోజులు కూడా బతగ్గలను. దీన్ని మళ్లీ కింద పెట్టెయ్, నాయనా. దొరకలేదని చెప్పు."

 దొరికింది దొరకలేదని రాసిన పాపం ఎల్డన్ ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా చెయ్యలేదు. కాని ఇప్పుడు ఆమె కళ్లలోకి చూస్తుంటే, ఆ పాపం చేసెయ్యాలని మనసారా అనిపించింది. గడియారం నాలుగూ ముప్ఫై ఆరు చూపిస్తోంది. గోడ మీద ఫోను మోగింది.

లెనోరా కదల్లేదు. ఆరోసారి మోగాక ఎల్డన్ తీశాడు.

"నువ్వేనా, ఎల్డన్?" ఎస్తర్. మామూలుగా ఆమె ఫోనులో అరుస్తుంది, అవతలివాళ్లు చేను అవతల ఉన్నట్టు. ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుతోంది. తగ్గించిన ఆ గొంతు తీగలోంచి వస్తుంటే ఎల్డన్ ముంజేతుల మీద వెంట్రుకలు నిలుచున్నాయి.  "డ్వైట్ వచ్చి లెక్క చెప్పాడు. వాడికి అర్థం కాలేదు గాని, నాకు అర్థమైంది. బ్రిటిష్ డిస్కు దాని దగ్గరే ఉందని నాకు తెలుసు. రీలు అక్కడే ఉంది కదా?"

"మిసెస్ వీబీ..."

"చూశావా అట్ట?"

"చూశాను."

"రెండో వరస కూడా?"

ఎల్డన్ గోడకి ఆనుకున్నాడు. "మీకు తెలుసా?"

"ఆ అట్ట రాసినవాడు రంగు ఆరకముందే తెచ్చి నాకు చూపించాడు. ఒట్టు తప్పాడు వెధవ. చెరిపెయ్యమని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను, నవ్వి వెళ్లిపోయాడు. నెల రోజులు నిద్ర లేదు. తర్వాత ఆ డిస్ట్రిబ్యూటరు అట్ట మార్చి ఎవత్తి పేరో పెట్టాడని తెలిసింది. ఆ రోజు లెనోరా నా భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. నేను దాని వీపు నిమురుతూ లోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఎల్డన్. అది ఏడుస్తుంటే నేను సంతోషించాను. నలభై నాలుగేళ్లుగా ఆ సిగ్గు మోస్తున్నాను. ఏటా ఆ నడవాలో నిలబడింది కాఫీ కోసం అనుకున్నావా?"

"మరి అన్నీ తెలిసే నన్ను పెట్టారా?"

"తెలిసే పెట్టాను. దానికి ఫోను ఇవ్వకు, వద్దని గొడవ చేస్తుంది. ఐదింటికి బండి వస్తుంది. డబ్బా తీసుకుని బయల్దేరు."

"మీ అబ్బాయి? ఆ హాలు? పాస్టర్ గారు?"

"అబ్బాయికి ఆదివారం చెబుతాను, ప్రసంగం మొదలుపెట్టక ముందే. వాళ్ల నాన్నని ఎటూ త్వరలో కలుస్తాను, ఆయనతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు కారు తియ్యి."

ఫోను పెట్టేసిన చప్పుడు. ఎల్డన్ వెనక్కి తిరిగేసరికి లెనోరా నిలబడి ఉంది. ఎంత విన్నదో గాని, కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆమె ఫిల్ము అంచుని రెండు వేళ్లతో జాగ్రత్తగా చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించింది. తర్వాత కొక్కేనికి ఉన్న కోటు తీసుకుంది.

"నేనూ వస్తాను," అంది. "ముందు ఎస్తర్ ఇంటి దగ్గర ఆపు. ఆ బండికి ఇద్దరం కలిసే ఇస్తాం."